అయస్కాంతం అతుక్కున్న పాలగిన్నె

మా అత్తగారికి మనుషుల మీద కంటే అయస్కాంతం మీద గురి ఎక్కువ. పాత రేడియో స్పీకర్లోంచి ఊడదీసిన నల్లటి బిళ్ళ ఒకటి చేతిరుమాల్లో చుట్టి ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉంచుకునేవారు. గిన్నెల కొట్టుకి వెళ్ళామంటే బేరం కంటే ముందు ఆ బిళ్ళ బయటికి వచ్చేది. టప్పుమని అతుక్కుంటే మొహం చిట్లించి గిన్నెని పక్కన పెట్టేసేవారు. పట్టు దొరక్క జారిపోతే, "అదీ స్టీలంటే!" అని మురిసిపోయేవారు. అతుక్కుంటే ఇనుము కలిపిన నాసిరకం, అతుక్కోకపోతే అసలు సిసలు స్టీలు. ఇదీ ఆవిడ శాస్త్రం. దీని మీద అప్పీలు లేదు.

నేను బెంగళూరు కాడుగోడిలో ఒక చిన్న బడిలో ఆరో తరగతికి సైన్సు చెప్తాను. అయస్కాంతాల పాఠం ఏటా నాదే. బడిలో ఆ పాఠం చెప్పి, ఇంటికొచ్చి అదే అయస్కాంతం గురించి మాటలు పడే భాగ్యం నాకు తప్ప ఇంకెవరికీ దక్కి ఉండదు.

మాది బెంగళూరు పక్కనున్న ఆనేకల్. ఎప్పుడో ముత్తాతల కాలంలో అక్కడ పాతుకుపోయిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపమొస్తే రెండూ. "ఉండాది", "వచ్చిండాడు" అంటాం. మా ఆయన వాళ్ళది కృష్ణా జిల్లా. ఉద్యోగం కోసం ఆయన బెంగళూరు వస్తే, ఆయన కోసం అత్తగారు వచ్చారు. కొత్తలో నేను "పాలు పొయ్యి మీద ఉండాయి" అంటే, ఎవరైనా విన్నారేమోనని ఆవిడ అటూ ఇటూ చూసి నవ్వేవారు. "మీ తెలుగులో సగం కన్నడం కలిసిపోయిందమ్మా" అనేవారు. కలిసిన సరుకంటే ఆవిడకి మొదట్నుంచీ పడదు.

నన్ను కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ ఒక పాలగిన్నె ఇచ్చింది. అమ్మ జాకెట్లు కుడుతుంది. ఆనేకల్ బజారు పక్కన చిన్న గది, ఒక మిషను, గోడకి వేలాడే కొలతల టేపు, అదీ ఆమె సామ్రాజ్యం. గిన్నె ఊరికే కొని చేతిలో పెట్టేయలేదు. అంగట్లో కూర్చొని, ఆ గుర్రుమనే చిన్న మిషనుతో అంచు కింద తన పేరు చెక్కించి మరీ ఇచ్చింది. మా వైపు అదొక ఆనవాయితీ. తల్లి పేరున్న గిన్నెలో పాలు కాగితే, కూతురి వంటింట్లో తల్లి నిలబడి ఉన్నట్టేనంట.

అత్తగారు ఆ గిన్నె చేతిలోకి తీసుకున్నారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. హ్యాండ్‌బ్యాగు తెరిచారు. అప్పటికి ఆ బ్యాగు సంగతి నాకు తెలీదు, పెళ్ళికూతురికి బొట్టుబిళ్ళలేవో ఇస్తారనుకొని చెయ్యి కూడా చాపాను. నల్లబిళ్ళ బయటికొచ్చింది. గోడకి బల్లి పట్టుకున్నట్టు గిన్నెకి పట్టుకుంది. ఆవిడ లాగితే గానీ రాలేదు. తిట్టినా బాగుండేది. "పర్లేదులే అమ్మా, దేనికో దానికి పనికొస్తుంది" అన్నారు. తెలుగులో ఇంతకన్నా పెద్ద తిట్టు ఉందంటే నేను నమ్మను.

నిజంగానే పనికొచ్చింది. బట్టలారేసే క్లిప్పులు పోసుకోవడానికి.

అమ్మ అప్పటికే బస్సెక్కి వెళ్ళిపోయింది కాబట్టి ఇదేదీ చూడలేదు. ఇంటికి చేరగానే ఫోన్ చేసి, నా సంగతి కాదు, గిన్నె సంగతి అడిగింది. "మీ అత్తకి నచ్చిందా అమ్మీ?"

"శానా నచ్చింది. పాలు దాంట్లోనే కాస్తుండాం" అన్నాను.

అబద్ధమే. నాకేం సిగ్గు లేదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. అయిన పెళ్ళిని నిలబెట్టుకోవడానికి నేను ఒకటి ఆడితే వచ్చిన నష్టమేంటి? ఒక తల్లి పేరు చెక్కించిన గిన్నెలో క్లిప్పులు ఉన్నాయని ఆ తల్లికి తెలియకూడదు, అంతే. ఇంట్లో ఇంకేం జరిగినా సర్దుకుంటాను గానీ ఇది మాత్రం ఆమె చెవిన పడనివ్వకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

అప్పట్నుంచి ప్రతి ఫోన్లోనూ జాకెట్ల కథలు, కరెంటు పోయిన కథలు అయ్యాక, ఇంక పెట్టేస్తుందనుకునేసరికి అడిగేది. "గిన్నె బాగుండాదా?"

"బాగుండాదమ్మా. రోజూ దాంట్లోనే కాస్తుండాం."

"ఊ" అనేది. ఆ "ఊ"లో ఒక కప్పు కాఫీ తాగినంత తృప్తి ఉండేది.

అమ్మ మా ఇంటికి రావడం తక్కువ. ఆనేకల్ నుంచి కాడుగోడి రావడమంటే కాశీకి పోయినంత పని, కాశీకైతే రైలుంది. వచ్చే రోజు మాత్రం నేను పొద్దున్నే క్లిప్పులన్నీ ప్లాస్టిక్ డబ్బాలోకి పోసి, గిన్నె లోపల ఒక తుడుపు తుడిచి, మూత పెట్టి పొయ్యి పక్కన నిలబెట్టేదాన్ని. నాటకాల్లో సామాను సర్దే వాళ్ళకి కూడా అంత శ్రద్ధ ఉండదు. అమ్మ వచ్చేది, దాని వైపు ఒకసారి చూసేది, కాఫీ తాగేది, వెళ్ళిపోయేది. ఆమె బస్సెక్కగానే క్లిప్పులు మళ్ళీ వాటి ఇంటికి చేరుకునేవి.

ఇక బడి సంగతి. నేను ప్రతి ఏడూ ఒక పళ్ళెంలో పిన్నీసు, రూపాయి బిళ్ళ, రాగి తీగ, అల్యూమినియం మూత, ఇత్తడి గంట, పెన్సిలు, నా గాజు వేసి పిల్లల ముందు పెడతాను. అయస్కాంతం తిప్పితే పిన్నీసు ఎగిరి అతుక్కుంటుంది, రూపాయి అతుక్కుంటుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం కదలవు. "మేడమ్, ఇవీ లోహాలే కదా, ఎందుకు రావు?" అని ప్రతి ఏడూ ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే నేను ఆ పళ్ళెం సర్దుతాను.

ప్రతి పదార్థంలోనూ పరమాణువులుంటాయి, వాటిల్లో ఎలక్ట్రాన్లుంటాయి. ఒక్కో ఎలక్ట్రాను ఒక బుల్లి అయస్కాంతమే. కానీ చాలా పదార్థాల్లో అవి జంటలు కట్టుకొని, ఒకటి ఇటంటే ఇంకోటి అటని, చెల్లుకు చెల్లు చేసుకుంటాయి. మొగుడూ పెళ్ళాల మాదిరి. బయటివాళ్ళకి ఏమీ కనిపించదు. ఇనుములో, నికెల్‌లో, కోబాల్టులో మాత్రం కొన్ని జంట లేకుండా మిగిలిపోతాయి. అవి పక్కవాణ్ణి చూసి వాడు తిరిగిన వైపే తిరుగుతాయి, గుంపులు గుంపులుగా. మామూలప్పుడు ఒక్కో గుంపు ఒక్కో దిక్కు చూస్తుంటుంది కాబట్టి మేకు మేకులాగే పడుంటుంది. అయస్కాంతం దగ్గరికొచ్చిందా, ఇళ్ళ స్థలాలిస్తానన్న నాయకుడొచ్చినట్టు గుంపులన్నీ దాని వైపే తిరుగుతాయి. మేకు లేచి అతుక్కుంటుంది.

స్టీలు కథ ఇంకా విడ్డూరం. ఇనుముకి తుప్పు పట్టకుండా క్రోమియం కలుపుతారు. అంతవరకే ఆపితే ఆ స్టీలు అయస్కాంతానికి అతుక్కుంటుంది. వంటింట్లో దానికొచ్చిన లోటేమీ లేదు. పైన నికెల్ కూడా తగినంత కలిపితే, ఇనుము పరమాణువులు కూర్చునే వరసే మారిపోతుంది. వరస మారాక పక్కవాణ్ణి చూసి తిరగడం మానేస్తాయి. ఇనుము విడిగా అతుక్కుంటుంది. నికెల్ విడిగా అతుక్కుంటుంది. రెండూ ఒక గిన్నెలో చేరితే మాత్రం అతుక్కోవు! పుస్తకంలో చదివినప్పుడు ఇది నా బుర్రకెక్కలేదు. మా అమ్మనీ అత్తగారినీ ఒకే సోఫా మీద చూశాక శుభ్రంగా ఎక్కింది. విడివిడిగా ఇద్దరూ బంగారాలే.

ఒకసారి నోరూరుకోక ఇదంతా అత్తగారికి చెప్పాను. నికెల్ ఖరీదని దాని బదులు మాంగనీసు దట్టించినా స్టీలు అతుక్కోదని, కాబట్టి మీ బిళ్ళ జారినంత మాత్రాన గిన్నె మేలిరకమని అర్థం కాదని, అతుక్కున్నంత మాత్రాన చెడ్డదనీ కాదని. ఆవిడ శాంతంగా విన్నారు. "అవన్నీ బడిలో చెప్పుకో అమ్మా. ఇంట్లో గిన్నెలు కొన్నది నువ్వా, నేనా?" అన్నారు. ఆవిడ పరీక్ష పాసైన గిన్నెల్లో ఒకదానికి అప్పటికే గోధుమరంగు మచ్చలొచ్చాయి. చూపించాను. "బెంగళూరు బోరు నీళ్ళు" అన్నారు. బెంగళూరు మీదికి తోసేయడానికి ఏ నేరమైనా సరిపోతుంది.

ఇలా ఉండగా మేం ఒక ఫ్లాటు కొనుక్కున్నాం. కాడుగోడి స్టేషను దాటాక, నిన్నమొన్నటి దాకా రాగి చేలున్న చోట లేచిన అపార్టుమెంటు. మా వైపు ఇంకో ఆనవాయితీ ఏంటంటే, ఆడపిల్ల కొత్తింట్లో తొలిపాలు పొంగే గిన్నె పుట్టింటి నుంచి రావాలి. కొత్తదై ఉండాలి, నిప్పు ఎరగనిదై ఉండాలి. ముహూర్తం కుదిరిందని చెప్పగానే అమ్మ ఫోన్లో ఎగిరి గంతేసింది.

"ఈ తూరి మంచి గిన్నె తెస్తాను అమ్మీ."

'ఈ తూరి', అంటే ఈసారి, ఏంటని నేను అడగాల్సింది. తట్టలేదు. మర్నాడే మళ్ళీ ఫోన్. ఫ్రిజ్ తలుపు మీదున్న తిరుమల వెంకటేశ్వరస్వామి అయస్కాంతం బొమ్మ పీక్కొని అంగడికి పోయిందట. ఒక్కో గిన్నెకీ స్వామిని ఆనించి చూసిందట. అంగడాయన భక్తి అనుకొని దండం పెట్టుకున్నాడట. "ఆఖరికి ఒక గిన్నె దొరికింది. స్వామి రవ్వంత కూడా పట్టలా. సర్రున జారినాడు" అంది, దేవుడు కాదన్నదాన్ని వరంలా చెప్తూ.

"అయస్కాంతం ఎందుకమ్మా నీకు?"

"ఇప్పుడందరూ అట్లనే చూస్తారు కదప్పా" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

గృహప్రవేశం ముందురోజు సాయంత్రానికల్లా పైపు గ్యాసు ఇచ్చేస్తామన్న బిల్డరు, సాయంత్రం ఫోను ఎత్తలేదు. సిలిండరు పైకి తెస్తే అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరు. పొగొస్తే అలారం మోగుతుందని హోమాన్ని కూడా ఒక కర్పూరం బిళ్ళకి కుదించారు. బెంగళూరులో ఫోను నొక్కితే పది నిమిషాల్లో ఏదైనా గుమ్మంలోకి వస్తుంది కాబట్టి మా ఆయన ఒక ఇండక్షన్ స్టవ్ తెప్పించి కారులో పెట్టుకున్నారు. నాతో ఒక్క మాట అనలేదు. పొద్దున్నే డబ్బా విప్పి, ప్లగ్గు పెట్టి, ఎర్ర లైటు వెలగ్గానే, "రెడీ" అన్నారు. ఆయన ఇంజనీరు. లైటు వెలిగితే వాళ్ళకి లోకం సవ్యంగా ఉన్నట్టే.

నేనది చూసేసరికి అమ్మ కొత్త గిన్నె పసుపు కుంకుమలు పెట్టుకొని సిద్ధంగా ఉంది. అత్తగారు ఆగలేక నల్లబిళ్ళ తీసి, పంతులుగారి ముందే ఆనించి చూశారు. బిళ్ళ జారిపోయింది. "వదినగారూ, అసలైన స్టీలు తెచ్చారండీ!" అన్నారు, నోరారా. అమ్మ మొహం చూడాలి. పట్టుచీర కొంగు సర్దుకొని, చుట్టాల వైపు ఒకసారి చూసి, సిగ్గుపడిపోయింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమెకి దక్కిన మొదటి మెప్పు అది. ఆ మెప్పుని నా నోటితో చెడగొట్టబుద్ధి కాలేదు. ఆ బిళ్ళ జారిన గిన్నె ఈ పొయ్యి మీద చచ్చినా కాగదని నాకు మాత్రం తెలుసు. ఇండక్షన్ పొయ్యిలో మంట ఉండదు, తీగచుట్ట ఉంటుంది. అది క్షణక్షణానికీ దిక్కు మారే అయస్కాంతంలా పనిచేస్తుంది. పైన అతుక్కునే రకం గిన్నె ఉంటేనే దాని అడుగులో కరెంటు సుడులు తిరిగి వేడెక్కుతుంది. లేదంటే పైన గిన్నే లేదనుకుంటుంది.

పాలు పోసి గిన్నె పెట్టారు. పొయ్యి కీ కీ కీ అని అరిచి ఆరిపోయింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అరిచింది.

"వెండి గిన్నె పెట్టండి" అన్నారు అత్తగారు. అరిచింది. ఇత్తడి చెంబు పెట్టారు. అరిచింది. అత్తగారు ముందురోజే అట్టపెట్టెలో పంపించిన తన ఆణిముత్యాలన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి, ఏళ్ళ తరబడి ఒక్కొక్కదానికీ పరీక్ష పెట్టి ఏరి, వాడకుండా దాచినవి. అన్నీ ఫెయిలు. మా ఆయన యాప్‌లో ఇంకో గిన్నె ఆర్డరు పెట్టారు. తెచ్చేవాడు కొత్త అపార్టుమెంటు కదా, మ్యాపులో వెనక గేటు చూపిస్తోందని ప్రహరీ చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు. పంతులుగారు గడియారం చూసుకొని, "అమ్మా, ముహూర్తం దాటిపోతుంది" అన్నారు.

అప్పుడు వెనకనుంచి ఒక పెద్దావిడ గొంతు, మెల్లగా అంటున్నట్టు అందరికీ వినపడేలా. "పుట్టింటి గిన్నెలో పాలు పొంగకపోవడమేంటో, అపశకునం."

అమ్మ తల వంచుకుంది. "నా గిన్నెలోనే ఏందో దోషం ఉండాది" అంది. అప్పటిదాకా కొంగు సర్దుకుంటున్న చెయ్యి, ఆ కొంగునే నలిపేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గిన్నెకి దోషమేంటి, దాని పరమాణువులు వేరే వరసలో కూర్చున్నాయి, అంతే! ఈ మాట అరిచి చెప్పాలనిపించింది. అక్కడ ఆరో తరగతి చదివే వాళ్ళెవరూ లేరు.

కాగే గిన్నె ఒకటి ఆ ఇంట్లో ఉంది. అది కాగుతుందని నాకొక్కదానికే తెలుసు. బాల్కనీలో, క్లిప్పులతో నిండి. పొద్దున్నే తలంటుకొని మడిచీర ఆరేసుకోవడానికి అత్తగారే దాన్ని వెంట తెప్పించుకున్నారు. అది తెచ్చానంటే పాలు పొంగుతాయి, అమ్మ పరువు నిలబడుతుంది. అది తెచ్చానంటే క్లిప్పుల సంగతి అమ్మకి తెలుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పంతులుగారు మళ్ళీ గడియారం చూశారు.

వెళ్ళాను. గిన్నె ఎత్తి క్లిప్పులన్నీ బాల్కనీ నేల మీద బోర్లించాను. రంగురంగుల క్లిప్పులు టపటపా రాలిన చప్పుడు హాల్లోకి కచ్చితంగా వినపడి ఉంటుంది. కొళాయి కింద కడిగి, లోపల చింతపండుతో ఒక రుద్దు రుద్ది, అంచుకి పసుపు రాసి, అమ్మ పేరు నా అరచేతి కిందికి వచ్చేలా పట్టుకొని తెచ్చాను. అత్తగారు గుర్తుపట్టారు. ఆవిడ మొహంలో రంగు మారింది.

పంతులుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "అమ్మా, పాత గిన్నె పనికిరాదు. దీంట్లో ఇదివరకు ఏమైనా కాచారా? నిప్పు మీద పెట్టారా?"

హాలంతా నా మొహం కేసి చూసింది. కాచామంటే గిన్నె పనికిరాదు. లేదంటే, ఇన్నేళ్ళ ఫోన్లు అబద్ధమైపోతాయి. అత్తగారు నేల చూపులు చూస్తున్నారు. మా ఆయన, అలవాటు ప్రకారం, ఫోను చూస్తున్నారు.

"లేదు సామీ" అంది అమ్మ. "అది కొత్తదే. నిప్పు ఎరగదు. అంగడి చీటీ కూడా అడుగున అట్లే ఉంటాది చూడండి."

పంతులుగారు తిప్పి చూశారు. ఉంది. అంగడి పేరు అచ్చేసిన కాగితం, అంచులు మాత్రం కాస్త పసుపెక్కి, అడుగున భద్రంగా అతుక్కొని ఉంది. క్లిప్పులు పోసుకునేదానికి అడుగుతో ఏం పని, నేనెప్పుడూ తిప్పి చూడలేదు. అమ్మ గిన్నె తీసుకొని, గోటితో ఆ చీటీని మెల్లగా గీకి, ఉండలా చుట్టి, కొంగున ముడేసుకుంది. నా వైపు చూడలేదు. చీటీ ఉందని ఆమె అన్నది, గిన్నె తిప్పకముందు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది.

గిన్నె పెట్టగానే పొయ్యి నోరు మూసుకుంది. కాసేపటికి పాలు చుట్టూ నురగ కట్టి, లేచి, అమ్మ పేరు మీదుగా పొంగి, గాజుపలక మీద పడ్డాయి. తడి తగలగానే పొయ్యి ఇంకోసారి కీచుమని అరిచి శాశ్వతంగా కళ్ళు మూసింది. అది ఆరిపోయిందని ఎవరూ పట్టించుకోలేదు. "శుభం" అన్నారు పంతులుగారు. అపశకునమన్న పెద్దావిడ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.

అత్తగారు తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. భోజనాల దగ్గర ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది. "మా వదినగారిది ముందుచూపండీ. ఇలాంటి పొయ్యిలొస్తాయని అప్పుడే తెలుసు. నేనూ అందుకే ఆ గిన్నె ముట్టుకోనివ్వలేదు, ఈ రోజు కోసం దాచి ఉంచాను." నల్లబిళ్ళ మళ్ళీ బయటికొచ్చింది. ఈసారి అతుక్కున్న గిన్నె మంచిది, జారింది దండగ. బిళ్ళ అదే, గురి అదే, శాస్త్రం మాత్రం తలకిందులైంది. ఒక్క పూటలో అంత సిద్ధాంతం మార్చుకోవడం ఏ శాస్త్రజ్ఞుడి వల్లా కాదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మ మాత్రం, "అట్లనే వదినమ్మా, మీరు జాగ్రత్తగా పెట్టిండారు" అంది, విస్తట్లో అన్నం కలుపుకుంటూ.

చుట్టాలు వెళ్ళాక అమ్మ సింకు దగ్గర నిలబడి గిన్నె తానే తోముతానంది. నేను పక్కన నిలబడ్డాను.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"నిన్ను దింపిపోయినాక తొలిసారి మీ ఇంటికొచ్చినప్పుడే. నువ్వు కాఫీ పొడి తెచ్చేదానికి కిందికి పోయింటివి. మూత తీసినాను. లోపల ఒక క్లిప్పు ఉండె. పచ్చది." అమ్మ నవ్వింది. "తిప్పి చూస్తే చీటీ. అంతలో మీ అత్త వచ్చి, గిన్నెలు ఎట్ల కొనాల్నో నాకు నేర్పించింది. ఆ నల్లబిళ్ళ నా చేతికే ఇచ్చి ఈ గిన్నెకే ఆనించి చూడమనె. పాపం, మనసులో ఏం లేదులే ఆమెకి. గిన్నె నేను ఇచ్చిందని మరిచిపోయినట్లుండాది."

నాటకం ఆడింది నేననుకున్నాను. టిక్కెట్టు కొని చూసింది ఆమె.

"తెలిసీ, మళ్ళా ఫోన్ చేసిన ప్రతిసారీ గిన్నె బాగుండాదా అని యాల అడుగుతావుంటివి?"

అమ్మ గిన్నెలో నీళ్ళు ఒంపేసి, కొంగుతో తుడిచింది. పేరు చెక్కిన చోట ఇంకోసారి తుడిచింది.

"నువ్వు చెప్తే వినేదానికి. 'రోజూ దాంట్లోనే కాస్తుండాం' అంటావు కదా. అది విన్నాక నిద్ర బాగా పట్టేది అమ్మీ."

నేను కొళాయి తిప్పుకొని మొహం కడుక్కున్నాను.

పైపు గ్యాసు ఇంకా రాలేదు, బిల్డరు ఫోను ఇంకా ఎత్తలేదు. పొయ్యి మార్చాం. మా ఇంట్లో ఇప్పుడు నిజంగానే రోజూ పాలు ఆ గిన్నెలోనే కాగుతాయి. క్లిప్పులు, అత్తగారి ఆజ్ఞ ప్రకారం, మచ్చలొచ్చిన ఆవిడ గిన్నెలోకి మారాయి. అమ్మ కొత్తగా తెచ్చిన గిన్నెలో పెరుగు తోడు పెడుతున్నాను, దానికి ఏ పొయ్యితోనూ పని లేదు.

అమ్మ ఫోన్ చేస్తూనే ఉంటుంది. జాకెట్లు, కరెంటు, పక్కింటి పెళ్ళి. గిన్నె మాట మాత్రం ఎత్తడం మానేసింది. ఎత్తుతుందేమోనని చివరిదాకా చెవి ఒగ్గి ఉంటాను. పెట్టేస్తుంది. ఒకరోజు నేనే ఆగలేకపోయాను.

"అమ్మా, గిన్నె బాగుండాది. రోజూ దాంట్లోనే కాస్తుండాం."

అవతల మిషను చప్పుడు ఆగింది.

"నిజంగానా అమ్మీ?" అంది.